ముప్పావు చుట్టు

ఎర్ర దీపం ఎలిగేసరికే అంతా అయిపోయిందన్నా,
అన్నడు లింగస్వామి.
వటవర్లపల్లి దాటినంక, ఘాట్ రోడ్డు మీద,
ఎనిమిది మంది యాత్రికులు, రెండు సంచుల కొబ్బరికాయలు,
కటకటమని ఒక్క మోత మోగి
క్వాలిస్ ఆగిపోయిందట.
క్రాంకు రుబ్బించిండు, రెండు బర్రెలమ్మిండు.
ఇప్పుడు కొండమల్లేపల్లిల, నా షెడ్డుకొచ్చి
ముంగట ఒక అట్టపెట్టె పెట్టి
"దీపం వద్దు, నాకు సూది గావాలె" అంటడు.

పెట్టెలున్నది చిన్నదే.
అరచేతిల పట్టే అల్యూమినియం బిళ్ళ,
నడుమ తూటు, పక్కలకు రెండు చెవులు.
ఇంజనుకూ ఆయిల్ ఫిల్టర్‌కూ మధ్యల కూసుంటది.
పోయే ఆయిల్‌ను ఆపది, మలపది,
పోతాంటె చెయ్యి వట్టి నాడి చూస్తది.
ఒక చెవికి ప్రెషరు, ఒక చెవికి వేడి.

నేను గొంతుకూసోని పనిజెయ్యలేను.
మోకాళ్లు మడవవు.
చక్రాల చెక్క మీద ఎల్లెలుకల పండి కిందికి జొరవడత.
జానయ్య లైటు పడ్తడు.
పాత ఫిల్టర్ ఊడంగనే
నల్లటి ఆయిల్ మోచేతి దాంక కారింది,
ఇంకా గోరువెచ్చగ.

"పాత వాషర్ ఏదిరా?"
ఫిల్టర్‌కు లేదు.
ఇంజను మూతికే కరుసుకోని ఉన్నది, నలుపుల నలుపై.
దాని మీదనే కొత్తది పెట్టినమా,
దిండి చేరకముందే రోడ్డంత ఆయిలు.
గోరుతోని గీకిన.
స్క్రూడ్రైవర్‌తోని గీకితే గీత వడ్తది,
గీత వడ్డకాన్నుంచే కారుడు మొదలు.

కొత్త రబ్బరు రింగుకు వేలుతోని ఆయిల్ రాసిన,
పసిపోరని మాడుకు అద్దినట్టు.
సెన్సరు ముక్కు ఛాసిస్‌కు తగలకుంట
బిళ్ళను అటిటు తిప్పి చూసి
నడిమి బోల్టు బిగిచ్చిన.
ఫిల్టర్ చేత్తోనే.
రబ్బరు తాకినంక ముప్పావు చుట్టు, అంతే.
జానయ్య పానా అందిచ్చిండు. వద్దన్న.
బలమున్నోడు బిగిస్తడు, పనొచ్చినోడు ఆపుతడు
అనేటోడు మా ఉస్తాద్ ఖాజామియా.
ఆ మాట నాకెక్కేదాంక
ఈపు మీద ఎన్ని గుద్దులు గుద్దిండో.

సెన్సరు మరకు తెల్ల టేపు చుట్టబోయిండు పోరడు.
"ఆగు బిడ్డా. దానికి ఇంజను ఇనుమే భూమి.
టేపు చుడితే భూమి అందదు,
సూది సచ్చినట్టు పడుంటది,
ఇంజనే సచ్చిందని మనం ఏడుస్తం."

"ముందుగాలనే చెప్తదా అన్నా ఇది?"
పైనుంచి లింగస్వామి.
చెప్తది. చూస్తె.

మా ఊరి బోరింగుకు ఎర్ర రంగేసింది
నాకు పదిహేనేండ్లప్పుడు.
ఒక సారొచ్చి సీసల నీళ్లు పట్టుకపోయిండు.
నెల్లాళ్లకు పెయింటరొచ్చి
పిడికీ గొట్టానికీ ఎర్రగ పూసిపోయిండు.
అప్పటిదాంక నీళ్లు తియ్యగనే ఉండె.
ఎర్ర దీపం సంగతి
లింగస్వామి నాకు చెప్పాల్నా.
మాట్లాడకుంట వైరు లోపలికి గుంజిన.

తాళం తిప్పిండు.
ఒకటి. రెండు.
సూది సున్న మీదనే.
మూడనంగ లేచింది,
అరవై దాటి, జర వణికి, నిలవడ్డది.
ఇంజను కాగుతుంటె మెల్లగ దిగొచ్చి
ఇరవై కాడ కూసున్నది.
"పడిపోతాందన్నా!"
"పడిపోత లేదు, ఆయిల్ పలసవడ్డది.
ఇరవైల ఉంటె పో.
పదిల ఉంటె నా తానకు రా.
సున్న అయితే ఉన్నకాడ్నే బంద్ చేసి దిగు,
మల్లన్న ఏమనుకోడు."

చౌరస్తా దాంక పోయొచ్చిండు, కండ్లు సూది మీదనే.
"రోడ్డు గూడ చూడు లింగస్వామీ" అని అరిచిన.

రాత్రి బండి షెడ్డులనే పెట్టుకొని కింద పేపరు పరిచిన.
పొద్దుగాల ఆయన తీస్కపోయినంక
వంగలేను గనక కాలితోని ఇవతలికి గుంజి
నిలవడే చూసిన, ఈ అంచు నుంచి ఆ అంచుకు.
పత్తి రేట్లు. ఏదో సినిమా బొమ్మ.
రెండు దినాలల్ల వానలని ఒక మూలకు.
చుక్క లేదు.